బాక్సైట్ కొండల మట్టి: యాభై ఏళ్ళ వాదంలో కొలవని పొర

తూర్పు కనుమల బాక్సైట్ మీద తెలుగులో చాలా రాశారు. గిరిజనుల భూమి హక్కులు, రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు, ఒప్పందాల్లోని లాభనష్టాలు అన్నీ చర్చకు వచ్చాయి, వాటిలో కొన్ని తేలాయి కూడా. తేలకుండా మిగిలింది మట్టి. అరకు, అనంతగిరి, చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండల మీద ఉన్న నేల ఏ రకానిది, దాని గుణాలేమిటి, దాన్ని తీసేస్తే కింది ఊళ్ళకు ఏమవుతుంది అన్న ప్రశ్నకు రెండు పక్షాలూ చెరొక జవాబు పట్టుకుని కూర్చున్నాయి. ఆ కొండ నెత్తులు బంజరు, రాతి పెంకు తప్ప అక్కడ ఏమీ లేదు అని ఒకరంటారు. ఆ పెంకు వల్లనే గెడ్డలన్నీ ఏడాది పొడుగునా పారుతున్నాయి అని మరొకరంటారు. జాగ్రత్తగా చూస్తే ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురు కావు. ఆ నేలను పంటకు పనికిరాకుండా చేసిన గుణాలే దాన్ని నీటికి దారి చేశాయి. ఈ సంగతి పక్కనపెట్టి, పైమట్టి సారాన్ని మాత్రం పరీక్షించి గని గురించి తీర్పు చెప్పే పద్ధతి వల్లనే చర్చ ఇంతకాలం చిక్కుపడి ఉంది.

వివాదం వచ్చిన దారి

1970లలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ), మినరల్ ఎక్స్‌ప్లొరేషన్ కార్పొరేషన్ జరిపిన అన్వేషణల్లో ఒడిశాలోని కాలహండి, కోరాపుట్ల నుంచి విశాఖ మన్యం దాకా కొండ నెత్తుల మీద బాక్సైట్ పరుచుకుని ఉందని తెలిసింది. ఒడిశాలో 1981లో ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో ఏర్పడింది. దమన్‌జోడి శుద్ధి కర్మాగారానికి పంచపట్మాలి కొండ నుంచి 1980ల నుంచీ ఖనిజం వెళుతోంది. ఆంధ్రలో అనంతగిరి, అరకు వైపు గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది ఒక గుంపుగా, చింతపల్లి వైపు జెర్రెల, సప్పర్ల, గూడెం మరో గుంపుగా 50 కోట్ల టన్నులకు పైగా నిల్వ ఉందని అంచనా కట్టారు గానీ గని మాత్రం తెరుచుకోలేదు. 1997 జులైలో సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. దాంతో రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థే తవ్వి, మైదానంలో కట్టే ప్రైవేటు కర్మాగారాలకు ఖనిజం ఇచ్చే పద్ధతిలో 2005 తరువాత ఒప్పందాలు జరిగాయి. 2015 నవంబరులో జెర్రెల అటవీ ప్రాంతంలో 1,212 హెక్టార్లను ఆ సంస్థకు కేటాయిస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. నిరసనల వల్ల అది ఆగిపోయింది, 2019లో రద్దయింది.

పక్కనే ఒడిశాలోని నియమగిరిలో నడిచిన కథ మట్టి ప్రశ్నకు ఇంకా దగ్గరగా వెళ్ళింది. అక్కడ ప్రతిపాదిత గని గురించి వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా 2006లో ఇచ్చిన నివేదిక కొండ మీది గడ్డిమైదానానికీ, అడవికీ సరిదిద్దలేని నష్టం జరగవచ్చని హెచ్చరించింది. నీటి సంగతి పరిశీలించిన కేంద్ర గనుల ప్రణాళికా సంస్థ సీఎంపీడీఐ దీనికి తలకిందులుగా, పేలుళ్ళ వల్ల పక్క రాళ్ళలో సన్నని పగుళ్ళు ఏర్పడి భూగర్భ జలం ఇంకా పెరుగుతుందని చెప్పింది. 2010లో కేంద్రం వేసిన సక్సేనా కమిటీ నివేదిక తరువాత కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. 2013 ఏప్రిల్లో సుప్రీంకోర్టు గ్రామసభలకే నిర్ణయం వదిలింది, గ్రామసభలు జరిగిన 12 ఊళ్ళూ వద్దన్నాయి. న్యాయంగా అది గొప్ప మలుపు. అయితే ఆ నిర్ణయం హక్కుల మీద, విశ్వాసాల మీద నిలిచింది కనుక, నీటి గురించి పుట్టిన పరస్పర విరుద్ధ వాదాల్లో ఏది నిజమో తేల్చాల్సిన అవసరం రాలేదు. ఆ చిక్కు అలాగే ఆంధ్ర కొండలకు కూడా వారసత్వంగా వచ్చింది.

కొండ నెత్తి నుంచి గెడ్డ దాకా

ఈ కొండల అసలు రాయి ఖోండలైట్. గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కలిసిన పురాతన రూపాంతర శిల అది. వేడి, వాన, బల్లపరుపు నెత్తి, వాలు అంచులు ఈ నాలుగూ లక్షల ఏళ్ళపాటు కలిసి పనిచేస్తే ఆ రాయిలోంచి సోడియం, పొటాషియం, కాల్షియం మొదట కడుక్కుపోతాయి. ఆ తరువాత సిలికా కూడా మెల్లగా కరిగి వెళ్ళిపోతుంది. కదలని అల్యూమినియం, ఇనుము మిగులుతాయి. అల్యూమినియం గిబ్‌సైట్ రూపంలో, ఇనుము గోథైట్, హెమటైట్ రూపంలో స్థిరపడతాయి. ఇనుము పాలు ఎక్కువగా ఉంటే దాన్ని లేటరైట్ అంటాం, అల్యూమినియం పాలు గిట్టుబాటయ్యేంత ఉంటే బాక్సైట్ అంటాం. ఈ రెంటి మధ్య గీత ప్రకృతి గీసింది కాదు, మార్కెట్టు గీసింది. 2021లో నాతవరం మండలంలో లేటరైట్ పేరుతో తవ్వుతున్నది బాక్సైటేనన్న ఆరోపణ రేగినప్పుడు వాదం అంత గందరగోళంగా సాగడానికి ఇదీ ఒక కారణం. ఒకే కొండలో, ఒకే గోతిలో, అడుగు తేడాతో రెండూ దొరుకుతాయి.

నిలువుగా చూస్తే అన్నిటికన్నా పైన పలచని ఎర్రగోధుమ రంగు మట్టి, అందులో ఇనుప గుళ్ళలాంటి గులకలు ఉంటాయి. దాని కింద కొన్నిచోట్ల గట్టి లేటరైట్ పెంకు, దాని కింద గుల్లగా, రంధ్రాలతో బాక్సైట్ పొర. దాని అడుగున సగం సుద్దగా మారిన ఖోండలైట్, ఇంకా కింద తాజా రాయి. నాల్కో లెక్కల ప్రకారం పంచపట్మాలిలో ఖనిజం మీద తీసేయాల్సిన పొర సగటున 3 మీటర్లు, ఖనిజం సగటున 14 మీటర్లు. అంటే గని తీసుకునేది మట్టి కాదు, మట్టి తన అడుగున కట్టుకున్న ఇంచుమించు మొత్తం శైథిల్య పొర. ఈ ఒక్క సంగతిని గుర్తుపెట్టుకుంటే తరువాతి వాదాలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

అడ్డంగా చూస్తే కథ వేరు. నెత్తి మీద గడ్డి, అక్కడక్కడ గిడసబారిన చెట్లు. అంచు దాటగానే విరిగిపడ్డ లేటరైట్ బండల మధ్య ఆకులు కుళ్ళి నల్లబడిన మట్టి, దట్టమైన అడవి. కాఫీ తోటలు నీడ చెట్ల కింద పెరిగేది ఈ పైవాలు మట్టిలోనే. ఇంకా కిందికి దిగితే ఎర్రగరప నేలలు. పోడు చేసి సామలు, చోళ్ళు, వలిసెలు, కందులు వేసేది వీటిమీద. ఇక్కడ వాలు ఎక్కువ, మట్టి పలచన, వానకు కోత ఎక్కువ. లోయలో, గెడ్డ పక్కన, పైనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు చేరి బూడిద రంగు బరువు మట్టిగా మారుతుంది, మెట్లు మెట్లుగా కట్టిన మళ్ళలో వరి పండుతుంది. ఆ మళ్ళకు చెరువు లేదు, కాలవ లేదు. ఊట నీరే ఆధారం. 1930లలో తూర్పు ఆఫ్రికా కొండల నేలలు అధ్యయనం చేసిన జెఫ్రీ మిల్న్ ఇలాంటి వరుసకు కెటీనా అని పేరు పెట్టాడు. నెత్తి మట్టి, వాలు మట్టి, లోయ మట్టి వేర్వేరు రకాలైనా ఒకే నీటి ప్రవాహం వాటిని తయారుచేస్తుంది కనుక వాటిని విడివిడిగా అర్థం చేసుకోలేమన్నది ఆ భావన సారం. మన్యం విషయంలో దీన్ని పట్టించుకున్న నివేదిక అరుదు.

మూడు వాదాలు

మొదటిది బంజరు వాదం. గనుల ఇంజనీర్లు, ఖనిజ సంస్థలు ఎక్కువగా చెప్పేది ఇదే. దీని వెనక ఉన్న ఆధారాలు కల్పితం కావు. ఈ మట్టి ఆమ్లగుణం కలది. బంకమట్టి భాగం కయొలినైట్, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లతో నిండి ఉండటంతో పోషకాలను పట్టి ఉంచే శక్తి చాలా తక్కువ. భాస్వరం వేసినా ఆక్సైడ్లు దాన్ని బంధించేస్తాయి, మొక్కకు అందదు. పెంకు పైకి తేలిన చోట వేరు దిగదు. ఇంత పేద నేలను తవ్వి, ఖనిజం తీసుకుని, మళ్ళీ గుల్ల మట్టి పరిచి మొక్కలు నాటితే నష్టం ఏముంది, లాభమే కదా అని వీరి ప్రశ్న. పంచపట్మాలిలో తవ్విన చోట నాటిన చెట్లు తవ్వని పెంకు మీది చెట్ల కన్నా బాగా పెరుగుతున్నాయని చూపిస్తారు.

రెండోది స్పాంజి వాదం. గిరిజన సంఘాలు, పర్యావరణ ఉద్యమకారులు, కొందరు జలవిజ్ఞాన నిపుణులు ఈ వైపు ఉన్నారు. బాక్సైట్ పొర వాన నీటిని పీల్చుకుని, అడుగున ఉన్న సుద్ద పొర మీద నిలిపి, అంచుల్లో ఊటలుగా నెలల తరబడి వదులుతుందని వీరి మాట. గోస్తని, శారద, వరాహ, తాండవ ఈ కొండల్లోనే పుడతాయి. తాటిపూడి, రైవాడ జలాశయాల ద్వారా విశాఖ నగరం తాగే నీళ్ళలో భాగం ఈ వైపు నుంచే వస్తుంది. కనుక ఇది కొండల్లో కొన్ని ఊళ్ళ సమస్య కాదు, మైదానం సమస్య కూడా. ఈ వాదంలో బలం ఉంది, ఒక బలహీనతా ఉంది. బాక్సైట్లో మూడో వంతు నీరే అని సభల్లో చెప్పడం, కరపత్రాల్లో రాయడం కద్దు. గిబ్‌సైట్ స్ఫటికం బరువులో సుమారు 35 శాతం నీరు ఉన్న మాట నిజమే గానీ, అది రసాయనికంగా బిగిసిన నీరు, వందల డిగ్రీల వేడి తగిలితే గానీ బయటికి రాదు. ఊటలో పారేది ఆ నీరు కాదు, పొరలోని రంధ్రాల్లో నిలిచి కదిలే వాన నీరు. మంచి వాదానికి తప్పుడు సాక్ష్యం తోడైతే ఎదుటివారు ఆ ఒక్కదాన్నే పట్టుకుని మొత్తం కొట్టేస్తారు. ఇక్కడ జరిగింది అదే.

మూడోది పునరుద్ధరణ వాదం. నేల ఏదైనా దాని గుణాలు తెలిస్తే తిరిగి కట్టవచ్చని ఇది నమ్ముతుంది. పశ్చిమ ఆస్ట్రేలియా జారా అడవుల్లో 1963 నుంచి సాగుతున్న బాక్సైట్ తవ్వకం వీరి ప్రధాన ఉదాహరణ. బంజరు వాదం నేలకు విలువ లేదంటుంది, స్పాంజి వాదం ఆ విలువ తిరిగి రానిదంటుంది, ఇది విలువ ఉందంటూనే దాన్ని తిరిగి తెస్తానంటుంది. మూడు వాదాలూ నేల గురించి మాట్లాడుతున్నట్టే ఉంటాయి, కానీ మొదటిది పైన ఒక జానెడు మట్టిని చూస్తోంది, రెండోది అడుగున 10, 15 మీటర్ల పొరను చూస్తోంది, మూడోది పైన మళ్ళీ మొలిచే మొక్కను చూస్తోంది. ఇన్నాళ్ళూ ఒకరి మాట ఒకరికి వినపడకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

పంటకు పేద, నీటికి దారి

ఇప్పుడు బంజరు వాదం చూపించే ప్రతి గుణాన్నీ నీటి వైపు నుంచి చదివి చూద్దాం. ఈ మట్టిలో బంక పాలు తక్కువేమీ కాదు, అయినా అది నల్లరేగడిలా ఉబ్బదు, బిగుసుకుపోదు. కారణం, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు బంక రేణువులను చిన్న చిన్న గుళ్ళుగా అతికించి ఉంచుతాయి. ఆ గుళ్ళ మధ్య ఖాళీలుంటాయి కనుక బంకమట్టి అయినా ఇసుకలా నీరు దించుకుంటుంది. మొక్కకు ఇది చెడు, ఎందుకంటే నీరు వేరు దగ్గర నిలవకుండా జారిపోతుంది. అదే కొండకు మంచిది, ఎందుకంటే జారిన నీరు కిందికి చేరుతుంది. పోషకాలు లేకపోవడం కూడా ఇంతే. కోట్ల వానలు ఈ పొర గుండా కిందికి దిగాయి కాబట్టే కాల్షియం, పొటాషియం పోయాయి, సిలికా పోయింది. సారం పోయిన దారీ నీరు దిగిన దారీ ఒకటే. సిలికా వెళ్ళిపోయిన చోట మిగిలిన ఖాళీలే బాక్సైట్ను గుల్లగా చేశాయి. బాక్సైట్ అక్కడ ఏర్పడిందంటేనే ఆ కొండ నెత్తి చాలాకాలంగా బాగా నీరు దించుతోందని అర్థం. నీరు దిగని చోట, నిలిచిపోయే చోట సిలికా పోదు, బాక్సైట్ పుట్టదు. కనుక ఖనిజం నాణ్యతను పొగుడుతూనే ఆ పొరకు నీటితో సంబంధం లేదనడం తర్కానికి నిలవదు.

అయితే నీరు దించడం వేరు, దాచడం వేరు. ఎంత దాస్తుందన్నది నిజంగా ముఖ్యమైన ప్రశ్న. దీన్ని అంకెల్లో పెట్టి చూస్తే మన అజ్ఞానం ఎంతో తెలుస్తుంది. ఉదాహరణకు 10 మీటర్ల మందం ఉన్న గుల్ల పొర తీసుకుందాం. దాని మొత్తం పరిమాణంలో జారిపోగల నీటికి చోటు 5 శాతమే అనుకుంటే హెక్టారుకు 5,000 ఘనపు మీటర్ల నీరు పట్టే చోటు ఉన్నట్టు. 15 శాతం అనుకుంటే 15,000. ఈ కొండల మీద ఏటా పడే వాన 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే హెక్టారుకు పడే మొత్తం నీరు 12,000 ఘనపు మీటర్లు. ఒక అంచనాలో ఆ పొర వాననీటిలో సగం కూడా దాచలేదు. మరో అంచనాలో పడ్డదంతా దాచినా ఇంకా చోటు మిగులుతుంది. ఇవి కొలతలు కావు, కేవలం లెక్కకు పెట్టుకున్న ఊహలు. పొర ఏటా నిండా తడుస్తుందనీ కాదు. నిజానికి ఊటకు పనికొచ్చేది వానకాలం చివరికి ఆ పొరలో పెరిగి, వేసవి చివరికి తగ్గిన నీటి మట్టపు తేడా మాత్రమే. కానీ ఈ ఒక్క గుణాన్ని, అంటే జారగల నీటికి ఉన్న చోటును, కొండ కొండకూ కొలిస్తే తప్ప స్పాంజి వాదం నిజమా అతిశయోక్తా అన్నది ఎవరూ చెప్పలేరు. కొలవకుండా కాదన్నవారికీ ఇదే వర్తిస్తుంది.

ఎదురు ప్రశ్నలు

ఈ వాదానికి గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఖనిజం భూగర్భ జల మట్టానికి ఎంతో పైన ఉంది, తవ్వకం ఆ మట్టాన్ని తాకదు అన్నది. గనుల నివేదికల్లో తరచూ కనిపించే ఈ వాక్యం తప్పు కాదు గానీ, అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. లోయలో బావుల్లో కనిపించే మట్టం వేరు, కొండ నెత్తిన సుద్ద పొర మీద వానకాలంలో తాత్కాలికంగా నిలిచే నీరు వేరు. అంచుల్లోని ఊటలు రెండోదాని మీద బతుకుతాయి. లోయలో బావి లోతు కొలిచి కొండ మీది ఊట గురించి చెప్పడం కుదరదు.

రెండోది ఇంకా బరువైనది. పొర తీసేస్తే, పగుళ్ళు పెరిగితే, చెట్లు పోయి ఆవిరయ్యే నీరు తగ్గితే మొత్తం మీద కిందికి దిగే నీరు పెరగదా? పెరగవచ్చు. అడవి కొట్టేసిన పరీవాహక ప్రాంతాల్లో ఏడాది మొత్తం ప్రవాహం పెరగడం చాలా దేశాల్లో గమనించిన విషయమే. పశ్చిమ ఆస్ట్రేలియాలో కూడా తవ్వకం తరువాత మొదటి సంవత్సరాల్లో ప్రవాహం పెరిగి, నాటిన అడవి దట్టంగా ఎదిగాక తగ్గింది. దీన్ని ఒప్పుకోకుండా ముందుకు వెళ్ళలేం. కానీ లోయలో వరి మడికి కావలసింది ఏడాది మొత్తం మీద ఎక్కువ నీరు కాదు, సంక్రాంతి తరువాత, ఏప్రిల్, మే నెలల్లో కూడా ఆగని నీరు. గుల్ల పొర చేసే పని నీటిని ఆలస్యం చేయడం. ఆ ఆలస్యం పోతే ఆగస్టులో గెడ్డ పొంగుతుంది, మార్చిలో ఎండుతుంది, వార్షిక లెక్క మాత్రం చక్కగా కనిపిస్తుంది. భూగర్భ జలం పెరుగుతుందన్న సీఎంపీడీఐ మాట ఎంతవరకు నిజమైనా, ఏ నెలలో పెరుగుతుందన్నదే అసలు ప్రశ్న. పైగా గని అడుగున బయటపడే సుద్ద పొర మీద బరువైన డంపర్లు ఏళ్ళ తరబడి తిరిగితే అది బిగుసుకుపోతుంది. పగుళ్ళు ఇచ్చే లాభాన్ని ఈ బిగుతు ఎంత తినేస్తుందో లెక్క కట్టాలి.

మూడోది అనుభవం నుంచి వచ్చే ప్రశ్న. పంచపట్మాలిలో దశాబ్దాలుగా తవ్వుతున్నారు కదా, అక్కడి వాగులు ఎండిపోయాయా? ఎండాయని ఒకరు, లేదని ఒకరు అంటారు. తవ్వకానికి ముందు ప్రతి ఊటకూ నెల నెలా తీసిన కొలత ఉంటే తప్ప ఇందులో ఎవరి మాటా నిలవదు. ఎండకపోవడం హాని లేదనడానికి సాక్ష్యం కాదు, ఎండటం గని వల్లనే అనడానికీ సాక్ష్యం కాదు. వర్షాలు మారుతున్నాయి, పోడు పెరిగింది, అడవి తగ్గింది. వీటన్నిటినీ వేరు చేయాలంటే తవ్విన కొండను తవ్వని కొండతో పక్కపక్కన పెట్టి చాలా ఏళ్ళు చూడాలి.

తిరిగి పరిచిన మట్టి

ఆస్ట్రేలియా ఉదాహరణను తేలిగ్గా తీసేయడం అన్యాయం. అక్కడ పైమట్టిని రెండు పొరలుగా వేరు చేసి తీస్తారు. విత్తనాలు, సూక్ష్మజీవులు ఉన్న పై కొద్దిపాటి మట్టిని కుప్ప పోయకుండా, అప్పుడే సిద్ధమైన మరో గోతి మీద నేరుగా పరుస్తారు. గని అడుగును లోతుగా చీలుస్తారు. మొక్క జాతుల సంఖ్యలో అడవికి దగ్గరగా వచ్చారు. ఈ పని ఎలా చేయాలో నేర్పింది ఆ అనుభవమే. మన దేశంలో 2017 నాటి ఖనిజ పరిరక్షణ నియమాలు కూడా పైమట్టిని వేరుగా తీసి పునరుద్ధరణకు వాడాలంటాయి.

కానీ రెండు చోట్లా నేల ఒకటి కాదు. జారా అడవిలో ఖనిజ పొర సాధారణంగా కొన్ని మీటర్ల మందమే, భూమి మెత్తని వాలుతో విశాలంగా పరుచుకుని ఉంటుంది, వాన చలికాలంలో నిదానంగా పడుతుంది. ఇక్కడ పంచపట్మాలి లెక్కన 14 మీటర్ల పొర పోతుంది, అంచులు నిట్టనిలువు, వాన జూన్ నుంచి అక్టోబరు వరకు కుంభవృష్టిగా, మధ్యలో తుపాన్లుగా పడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ కొండలకు ఏం చేసిందో అందరికీ తెలుసు. విరిగిపడే బండలతో ఈ కొండల మీదుగా వెళ్ళే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం తరచూ మూతపడుతుంది. వాలు మట్టి ఎంత సన్నగా నిలబడి ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఇక అసలు తేడా మరొకటి. మొక్కను తిరిగి తేవచ్చు, మట్టి పైపొరను కొంతవరకు తిరిగి కట్టవచ్చు, 14 మీటర్ల గుల్ల పొరను తిరిగి కట్టలేం. ఆ పదార్థం ఓడల్లో, రైళ్ళలో వెళ్ళిపోయి ఉంటుంది. పంచపట్మాలిలో నాటిన చెట్లు బాగా పెరగడం నిజమైతే సంతోషించాల్సిందే, కానీ అది మొదటి వాదానికి బలం, రెండోదానికి జవాబు కాదు. పచ్చగా కనిపించే కొండ వేసవిలో నీళ్ళు ఇస్తోందా అన్నది వేరే పరీక్ష.

మైదానంలో శుద్ధి కర్మాగారం చుట్టూ వచ్చే మట్టి సమస్య పూర్తిగా మరో జాతిది. శుద్ధిలో మిగిలే, కాస్టిక్ సోడాతో కూడిన ఎర్రమడ్డి చేరితే నేల తీవ్రమైన క్షారంగా మారి చౌడు బారుతుంది. 2010 అక్టోబరులో హంగేరీలోని అయ్కాలో మడ్డి కట్ట తెగి మనుషులు చనిపోయారు, పొలాలు చెడ్డాయి. కొండ మీది ఆమ్ల నేలకు, మైదానంలోని ఈ క్షార ప్రమాదానికి ఒకే నివేదికలో ఒకే పట్టిక వేయడం అర్థం లేని పని.

నివేదికల్లో మట్టి ఎలా కనిపిస్తుంది

2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారం తయారయ్యే నివేదికల్లో సాధారణంగా గని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కొన్ని చోట్ల పైమట్టి నమూనాలు తీసి పీహెచ్, లవణ శాతం, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, ఇసుక-ఒండ్రు-బంక పాళ్ళు చూపుతారు. ఇవన్నీ రైతు భూసార కార్డుకు తగిన పరీక్షలు. పొలంలో ఎరువు ఎంత వేయాలో ఇవి చెప్పగలవు. ఒక కొండ నీటిని ఎలా కదిలిస్తుందో చెప్పలేవు. నేల గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వాన దించుకుంటుంది, ఏ లోతులో నీరు ఆగుతుంది, పొరల మధ్య నీటి వేగం ఎంత, ఊటలో నీటి వయసు ఎంత అన్నవి ఈ పట్టికల్లో ఉండవు. కోర్టులు, కమిటీలు, గ్రామసభలు చేతికొచ్చిన పట్టికను బట్టే మాట్లాడతాయి. అందువల్ల "భాస్వరం తక్కువ" అన్న సత్యం "నేల పనికిరానిది" అన్న తీర్పుగా తేలిగ్గా మారిపోతుంది. ఈ జారుడుకు ఏ పక్షపు దురుద్దేశమూ అక్కరలేదు, పరీక్ష ఎంపికే చాలు. ప్రభుత్వం చేయదగిన మార్పుల్లో ఇది అన్నిటికన్నా చవకైనది, అయినా ఎవరూ పెద్దగా అడగని మార్పు ఇదే.

ఈ పరీక్షలు కొత్తవి కావు, అసాధ్యమూ కావు. రెండు ఇనుప వలయాలు నేలలో దించి నీరు పోసి దిగే వేగం కొలవడం వ్యవసాయ కళాశాల విద్యార్థులు చేసే పని. అన్వేషణ సమయంలో ఖనిజం కోసం వందల బోర్లు ఎలాగూ వేస్తారు. వాటిలో కొన్నిటిని మూసేయకుండా గొట్టాలు దించి నీటి మట్టం చూసే బావులుగా ఉంచితే చాలు. ఊటల దగ్గర చిన్న మడవలు కట్టి ఒక ఏడాది కాక కనీసం కొన్ని ఏళ్ళు ప్రవాహం రాసుకుంటే మరీ మంచిది. ఒక సీజన్ నమూనాలతో దశాబ్దాల తవ్వకానికి అనుమతి కోరడం మట్టి శాస్త్రం దృష్టిలో నిలబడదు.

ఇంకా తేలనివి

కొండ నెత్తుల మీది గడ్డిమైదానాలు మొదటినుంచీ ఉన్నవా, లేక పోడు, కార్చిచ్చులు, పశువుల మేపు కలిసి అడవిని తొలగించగా మిగిలినవా అన్న ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. మొదటిదైతే అక్కడ చెట్లు నాటి "పచ్చదనం పెంచాం" అనడం ఆ జీవావరణానికి హాని. రెండోదైతే పునరుద్ధరణ వాదానికి కొంత బలం వస్తుంది. పోడు వల్ల వాలు మట్టి కోసుకుపోవడం, గని వల్ల నెత్తి పొర పోవడం ఈ రెంటిలో లోయ మీద ఎక్కువ ప్రభావం దేనిదన్నదీ తేలలేదు. పోడు నష్టాన్ని చూపించి గనిని సమర్థించడం గాని, గనిని చూపించి పోడు కోతను మరిచిపోవడం గాని న్యాయం కాదు. ఒక కొండకు విడిగా ఇచ్చే అనుమతులు ఒకే నదీ పరీవాహకంలోని పది కొండల ఉమ్మడి ప్రభావాన్ని ఎలా లెక్కిస్తాయన్నది మరో చిక్కు. మాచ్‌ఖండ్, సీలేరు నీళ్ళు రెండు రాష్ట్రాల కొండల నుంచి వస్తాయి, లెక్కలు మాత్రం రాష్ట్రాలవారీగానే ఉంటాయి.

వీటిలో కొన్నిటికి జవాబు వెతకడానికి ఇప్పుడు తూర్పు కనుమల్లో ఉన్నంత మంచి అవకాశం దొరకడం కష్టం. ఒకవైపు ఒడిశాలో దశాబ్దాలుగా తవ్విన కొండ ఉంది. మరోవైపు అల్లూరి సీతారామరాజు జిల్లాలో అదే రాయి, అదే మట్టి, ఇంచుమించు అదే ఎత్తులో ఉన్న కొండలు తవ్వకుండా ఉన్నాయి. 2019లో లీజులు రద్దయ్యాక ఆంధ్ర వైపు మూతపడ్డ ఫైళ్ళ కింద అన్వేషణ బోర్ల వివరాలు, లోతుల లెక్కలు ఉండనే ఉంటాయి. పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో ఊటల దగ్గర ప్రవాహం రాసుకోవడం ఈ వానకాలం మొదలుపెడితే, మళ్ళీ ఏ ప్రభుత్వమైనా ఆ ఫైళ్ళు తెరిచే నాటికి కనీసం కొన్ని వేసవుల లెక్క చేతిలో ఉంటుంది. ఆ లెక్క ఏ పక్షానికి అనుకూలంగా వస్తుందో ముందే చెప్పడానికి వీల్లేదు, అది వచ్చేదాకా జెర్రెల నెత్తి మీద 1,212 హెక్టార్లను బంజరు అని రాయడానికీ వీల్లేదు.